వాసూకి, టార్చ్‌లైటు గొడవ గురించి

ఒరేయ్ వాసూ,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా. కానీ ఇది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వూ కాఫీ పెట్టుకుని చదువు, కాస్త పెద్దదే అవుతుంది.

నాకు అర్థమైనంతవరకు నువ్వు నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలో (తలా ఒక పాత్ర వేసుకుని, మాటలతో కథ నడుపుతూ పాచికలు వేసే ఆట) జరిగింది ఇదీ. మూతపడ్డ గనిలో చీకట్లో దుండగులు ఎదురుపడ్డారు. మీ బావమరిది తుపాకీ తియ్యకుండా, "నా టార్చ్ వాడి కళ్ళల్లోకి కొడతా, వాడికేమీ కనపడదు, మీరు కాల్చండి" అన్నాడు. నువ్వు మీరాడే కాల్ ఆఫ్ క్తుల్హు ఆట రూల్స్ పుస్తకం తిరగేసి, సరిపోయే రూల్ దొరక్క, "సరే, ఈ రౌండ్ వాడు గుడ్డివాడు" అనేశావు. ఇక ఆ తర్వాత ఫైట్ మొదలైతే చాలు, అందరి చేతుల్లోనూ టార్చ్‌లే. వచ్చే శనివారం ఏం చెయ్యాలా అని నీకిప్పుడు టెన్షన్.

నా మాట వింటావా? టార్చ్ కొట్టొద్దని మాత్రం చెప్పకు. ఆ కుర్రాడు చేసింది చాలా మంచి పని. బోర్డు మీద ఆడే ఆటల్లో లేనిదీ, మన ఆటలో ఉన్నదీ అదే కదా, పుస్తకంలో లేని ఎత్తు ఒకటి అప్పటికప్పుడు వెయ్యగలగడం. దాన్ని కాదంటే రేపట్నుంచి వాళ్ళు తమ పాత్ర షీటు మీద రాసున్నవే చేస్తారు. నువ్వు మార్చాల్సింది ఆ "గుడ్డివాడు" అన్న తీర్పు. కళ్ళు కనపడకపోవడం వేరు, కళ్ళు బైర్లు కమ్మడం వేరు.

ఈ తగాదా మనతో మొదలైంది కాదులే. ఇలాంటిదే ఇంకో ఆట, డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు ఎప్పుడో పడ్డారు. 1981 నాటి బేసిక్ రూల్స్‌లో 'లైట్' అని మొదటి లెవెల్ స్పెల్ (మంత్రం) ఉండేది. దారి చూసుకోవడానికి పనికొచ్చే మామూలు స్పెల్. కానీ దాన్ని ఎదుటివాడి కళ్ళ మీద కూడా వెయ్యొచ్చని అక్కడే రాశారు. వాడు సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పాడా, స్పెల్ ఉన్నంతసేపూ చూపు లేదు, దాడి చెయ్యలేడు. క్లెరిక్ (పూజారి పాత్ర) వేస్తే అది 12 టర్న్‌లు, అంటే రెండు గంటలు! ఎంత పెద్ద రాక్షసుడైనా అక్కడితో సరి. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి ఆ తలుపు మూసేశారు, లైట్ స్పెల్ వస్తువుల మీదే వెయ్యాలన్నారు. ఐదో ఎడిషన్‌లోనూ అంతే. అందులో బుల్స్‌ఐ లాంతరు 60 అడుగుల దాకా ధారగా వెలుగు కొడుతుంది, అయినా దాన్ని ఎవడి మొహాన పెట్టినా రూల్స్ ప్రకారం వాడికేమీ కాదు. ఆ కొసన రెండు గంటల గుడ్డితనం, ఈ కొసన అసలేమీ లేదు. రెండూ నాకు నచ్చవు.

మధ్యస్థంగా ఆలోచించినవాళ్ళు పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట వాళ్ళు. 2019లో వచ్చిన రెండో ఎడిషన్‌లో 'డాజిల్డ్' అని ఒక కండిషన్ ఉంది. కళ్ళు చెదిరినవాడు చూపు మీదే ఆధారపడితే, వాడికి అందరూ సగం మరుగైనట్టే. ఎవరి మీద దాడి చేసినా ముందు ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి, 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే ముందుకెళ్ళేది. అంటే ఐదింట ఒక దెబ్బ గాల్లో కలుస్తుంది. చిన్నదే, కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు చిన్నది కాదు. మీ బావమరిది టార్చ్‌కి సరిపోయే కొలత ఇదేనని నా నమ్మకం.

ఊరికే అనడం లేదురా. నీ మెసేజ్ చూశాక మా తమ్ముడితో కలిసి డాబా మీద చూశా. వాడి దగ్గర వెయ్యి ల్యూమెన్ల టార్చ్ ఉంది, ఇప్పుడవి మామూలైపోయాయిగా. లైట్లన్నీ ఆర్పేసి చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా ఆగాం. ఆ చివర్నుంచి వాడు ఒక్క క్షణం నా మీదకి కొట్టి తీసేశాడు. (దగ్గర్నుంచి మాత్రం ఎవరూ చెయ్యకండి, కళ్ళకి మంచిది కాదు.) నేను అనుకోకుండానే కళ్ళు మూసుకుపోయాయి, చెయ్యి మొహానికి అడ్డమొచ్చింది. తెరిచేసరికి చూపు నడిమధ్యన ఊదారంగు మచ్చ. ఎటు చూస్తే అటే వస్తోంది. కానీ పక్కనున్న నీళ్ళ ట్యాంకు అంచు తెలుస్తోంది, పిట్టగోడ తెలుస్తోంది. లైటు వెలుగుతున్న ఆ క్షణంలో పూర్తిగా మాయమైంది మాత్రం మా తమ్ముడే. వాడు నించున్నాడో కూర్చున్నాడో, చేతిలో ఇంకేముందో ఏమీ తెలియలేదు. రాత్రిపూట హైవే మీద ఎదురొచ్చే లారీ హై బీమ్ వేస్తే, రోడ్డు అంచు కనపడుతుంది గానీ ఆ లారీ ఎంత వెడల్పో తెలియదు చూడు, అచ్చం అలాగే.

అందుకని నీ ఆటలో టార్చ్ చేసే పని ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చెయ్యడం కాదు, టార్చ్ వెనకాల ఉన్నవాళ్ళని దాచడం. ఇలా పెట్టుకుంటే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. పక్కనుంచి వస్తున్నవాడికి ఏ ఇబ్బందీ లేదు. వాడికి టార్చ్ పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో చక్కగా తెలుస్తుంది, గురి చూసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఒకడి కళ్ళు చెదరగొట్టి మిగతా ముగ్గురికి అడ్రస్ ఇచ్చినట్టు. ఈ ఒక్క మాట టేబుల్ దగ్గర చెప్పు, అందరూ ఒకేసారి టార్చ్‌లు తియ్యడం దానంతటదే తగ్గుతుంది.

దూరం సంగతి కూడా చూడు. ల్యూమెన్లంటే మొత్తం వెలుగు. కళ్ళని కొట్టేది అదెంత సన్నగా ఒకచోట పడుతోందన్నది, దాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు. అవే వెయ్యి ల్యూమెన్లు క్యాంపింగ్ లాంతర్లో ఉంటే గదంతా వెలుగు నిండుతుందే గానీ ఎవరి కళ్ళూ చెదరవు. దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది. పట్టపగలు బయట అయితే దాదాపు దండగ, ఎందుకంటే కంటిపాప అప్పటికే చిన్నదై ఉంటుంది. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అది పోవడానికి మాత్రం క్షణాలు చాలు. టార్చ్ వేసినవాడికి కూడా పోతుంది సుమా, ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు వల్ల.

నీది గని కదా, దుమ్ము మర్చిపోకు. 1945 ఏప్రిల్ 16న బెర్లిన్ ముందు జీలో గుట్టల దగ్గర సోవియట్ సేనాని మార్షల్ జూకోవ్ ఈ ఎత్తే వేశాడు, 143 సెర్చ్‌లైట్లతో. జర్మన్ల కళ్ళు చెదరాలని. కానీ అంతకుముందు తన ఫిరంగులే లేపిన పొగా దుమ్మూ ఆ వెలుగుని వెనక్కి కొట్టాయి. సోవియట్ సైనికులకే ముందేముందో కనపడలేదు, పైగా వెనక వెలుగు వల్ల వాళ్ళ ఆకారాలు జర్మన్లకి స్పష్టంగా కనిపించాయి. నీ గనిలో డైనమైట్ పేలాక ఎవడైనా టార్చ్ తీస్తే ఇదే జరగనీ. వాళ్ళు ఆ రాత్రి జన్మలో మర్చిపోరు.

ఇక రూలు. టార్చ్ కొట్టడానికి ఆ రౌండ్ యాక్షన్ మొత్తం ఖర్చు. ఆటగాడి డెక్స్‌కీ (చురుకుదనం అంకె) శత్రువు డెక్స్‌కీ పోటీగా పాచికలు, వాడు మొహం తిప్పుకునేలోపు తగిలిందా లేదా అని. ఆటలో ఉన్న మనూవర్ పద్ధతి (కొట్లాటలో ఎత్తులు వేసే రూలు) వాడదామంటే అందులో బిల్డ్, అంటే ఒంటి సైజు, పోల్చాలి, వెలుగుకి ఒంటి సైజుతో పనేముంది, అది వదిలెయ్. ఆటగాడు గెలిస్తే, శత్రువు వేసే తర్వాతి దెబ్బకి, అదీ వెలుగు వెనకున్నవాళ్ళ మీదకైతేనే, ఒక పెనాల్టీ డై. పదుల పాచిక రెండుసార్లు వేసి పెద్దది, అంటే వాడికి చెడ్డది, తీసుకోవాలి, నీకు తెలిసిందేగా. పక్కనున్నవాళ్ళ మీదకి మామూలుగానే వేస్తాడు. అదే మనిషి మీద రెండోసారి కొడితే, వాడు ముందే తల వంచుకుని ఉంటాడు కాబట్టి బోనస్ డై (పెనాల్టీకి తలకిందులు, చిన్నది తీసుకోవడం) వాడికివ్వు.

మనిషి సంగతి అది. నీ దుండగుల దగ్గర కుక్క ఉందన్నావుగా? దానికి కళ్ళు చెదిరినా ముక్కు పనిచేస్తుంది, కాబట్టి ఆగదు, వాసన పట్టుకుని వచ్చేస్తుంది. కింది అంతస్తులో నువ్వు దాచిపెట్టిన దానికైతే అసలు కళ్ళే లేవు. టార్చ్ దాని మీదకి కొట్టినప్పుడు, ఏమీ జరగకపోవడాన్ని తొందరపడకుండా వర్ణించు. వెలుగు దాని తడి చర్మం మీద జారుతుంది, అది తల కూడా తిప్పదు. ఇంతసేపూ ఆ టార్చ్‌ని నమ్ముకున్న కుర్రాడి మొహం అప్పుడు చూడాలి.

మొదట్లోనే వాళ్ళకి కొత్త రూలు చెప్పెయ్, ఆట మధ్యలో మార్చకు. మీ బావమరిదికి విడిగా చెప్పు, నీ ఐడియా వల్లే ఈ రూలు పుట్టిందని. శనివారం ఆట అయ్యాక ఎంత రాత్రైనా సరే ఫోన్ చెయ్, కుక్క ఎవర్ని పట్టుకుందో నాకు తెలియాలి.

నీ
రఘు