నిన్నటి రన్‌వే ఘటన: శనివారం 10 గంటలకు అందరూ రావాలి

ఫ్రెండ్స్, ముందుగా మంచి మాట. విమానం నడిపిన మన తమ్ముడు క్షేమం. మోచేయి గీరుకుంది, అంతే.

జరిగింది ఇదీ: సోలో సర్క్యూట్లలో (ఒంటరిగా ఎగిరి, చుట్టు తిరిగి రన్‌వే మీద దిగే ప్రాక్టీసులో) సెస్నా 172 విమానం కాస్త ఎక్కువ స్పీడుతో దిగి, ముక్కు చక్రం ముందు తగిలి ఎగిరింది. వాడు కంట్రోల్ ముందుకు నొక్కాడు. ఇక కప్పగంతులే. మూడో గెంతుకి ముక్కు చక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది. ప్రొపెల్లర్ తగిలిందంటే ఇంజిన్ విప్పి చూడాల్సిందే, కాబట్టి ఆ విమానం ఇప్పట్లో ఎగరదు.

శనివారం ఉదయం 10కి బ్రీఫింగ్ రూమ్‌లో మీటింగ్. లాగ్‌బుక్ తెచ్చుకోండి. అప్పటిదాకా సోలోలు లేవు. తర్వాత కూడా ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక చెక్ ఫ్లైట్ అయ్యాకే.

వచ్చేలోపు విమానం నడిపే మాన్యువల్ పీఓహెచ్‌లో ల్యాండింగ్ పేజీలు చదవండి. 172ఎస్‌కి ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు పలకలు) దించాక అప్రోచ్ స్పీడు, అంటే దిగడానికి వచ్చే స్పీడు, 60-70 నాట్లు. 80తో వస్తే విమానం తేలుతూనే ఉంటుంది, మనం బలవంతంగా దించబోతాం. పెద్ద గెంతు పడితే ముక్కు నొక్కొద్దు: ఫుల్ పవర్, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం). (నా మూడో సోలోలో నేనూ గెంతించాను. అదృష్టం బాగుండి చక్రం నిలిచింది.)

విమానం దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు, ఏదీ ముట్టుకోవద్దు. ఫొటోలు, వీడియోలు బయటికి పంపొద్దు. పంపినవాళ్లు ఇప్పుడే డిలీట్ చేయండి.

వాడిని "ఏమైందిరా" అని పదిమందీ ఫోన్ చేసి అడగకండి. భోజనానికి పిలవండి చాలు.

రాలేనివాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి.