ఆ వీడియోను ఫార్వర్డ్ చేయకండి, ఫిర్యాదు చేయండి

సంపాదకులకు,

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్నారు. మన దగ్గరా అలాంటి చట్టం కావాలన్న మాట గట్టిగానే వినిపిస్తోంది. దానిపై చర్చ జరగాల్సిందే. కానీ పిల్లల అశ్లీల వీడియోల విషయంలో మనకు చట్టం కొరవ లేదు. సంగతి బయటపడిన మొదటి పూటలో పెద్దలు చేసే పనులతోనే కేసులు చెడిపోతున్నాయి.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఫార్వర్డ్‌తో జరుగుతుంది. ‘ఈ దుర్మార్గుణ్ని పట్టుకునేదాకా షేర్ చేయండి’ అంటూ పసిపిల్ల వీడియోను కాలనీ గ్రూపులో పెట్టేస్తారు. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం అలాంటి వీడియో పంపడం నేరం, వెతకడం, చూడడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే. మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 15వ సెక్షన్‌లో ఫిర్యాదుకు, కోర్టు సాక్ష్యానికి మినహాయింపు ఉంది గానీ కాలనీ గ్రూపు పోలీస్ స్టేషన్ కాదు. పంచే ఉద్దేశంతో తుడిచేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోన్‌లో ఉంచుకుంటే, ఎవరికీ పంపకపోయినా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తేల్చింది. మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును పక్కనపెట్టి చెప్పిన మాట ఇది. ‘ఏఐతో చేసిన బొమ్మే కదా’ అన్న సాకూ చెల్లదు. నిజమైన పిల్లలకూ బొమ్మకూ తేడా తెలియనట్టు కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మల్ని కూడా పోక్సోకు 2019లో చేసిన సవరణ పిల్లల అశ్లీల చిత్రాల నిర్వచనంలోకి తెచ్చింది.

మరి ఏం చేయాలి? వీడియోకి కాపీలు తీయొద్దు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించొద్దు. లింకు, పంపిన నంబరు లేదా ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోవాలి. ప్రొఫైల్ పేరు, ఫొటో ఒక్కటే గుర్తుపెట్టుకుంటే చాలదు, వాడు రేపటికి రెండూ మార్చేస్తాడు. వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు చాట్ తుడిచేసే ఆప్షన్ కూడా కనిపిస్తుంది, దాన్ని చూసుకోకుండా నొక్కితే ఆధారం పోతుంది. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టాలి. అక్కడ పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు. చాలామంది 1930కి ఫోన్ చేస్తున్నారు. అది డబ్బు మోసాలకు పెట్టిన నంబరు. పిల్లలకు 1098, ప్రాణం మీదికి వస్తే 112.

మన బిడ్డే చిక్కుకుంటే? ఎవడో బిడ్డ చేత ఫొటో పంపించుకుని బెదిరిస్తున్నాడని తెలియగానే బిడ్డను కొట్టి, ఫోన్ లాక్కుని, అన్నీ డిలీట్ చేసేస్తారు. నేరస్థుడికి అంతకన్నా మేలు చేసే పని లేదు. అడిగిన డబ్బు ఇచ్చినా ఆగడు, ఇచ్చిన చోటే మళ్లీ అడుగుతాడు. ముందుగా బిడ్డకు ‘తప్పు నీది కాదు’ అని చెప్పాలి. ఆ తర్వాత ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టు పోలీసులకు అప్పగించాలి.

స్టేషన్‌కు వెళ్లడానికి జంకేవారు పోక్సో 24వ సెక్షన్ గురించి తెలుసుకోవాలి. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. 19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు నంబరు వేసి రాసుకోవాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. తెలిసీ చెప్పనివారికి 6 నెలల దాకా శిక్ష ఉంది. పరువు పోతుందని నోరు మూయించే బడి యాజమాన్యాలకూ ఇది వర్తిస్తుంది. ఈ మాట ప్రతి బడి నోటీసు బోర్డు మీదా ఉండాలి.

చివరగా పత్రికలకు రెండు విన్నపాలు. వీటిని ‘చైల్డ్ పోర్న్’ అనొద్దని, పిల్లలపై లైంగిక దోపిడీ, వేధింపుల సామగ్రి అనాలని పైన చెప్పిన 2024 తీర్పులోనే సుప్రీంకోర్టు కోరింది. శీర్షికల్లో ఆ మాట మానేయండి. ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ కింద ఒక్క వరుసలో 1098, సైబర్ పోర్టల్ చిరునామా అచ్చువేయండి.

– ఒక న్యాయవాది, హనుమకొండ