నేను రాయని మాటలతో వెళ్లిన నా దరఖాస్తు: విదేశీ విద్యా కన్సల్టెన్సీకి ఫిర్యాదు లేఖ

అనంతపురం,
12 మార్చి 2026.

శాఖాధిపతి గారికి,
విదేశీ విద్యా సలహా సంస్థ,
అనంతపురం శాఖ.

విషయం: కంప్యూటింగ్ సైన్స్ మాస్టర్స్ ప్రవేశానికి నా పేరుతో మీరు పంపిన దరఖాస్తులో నా వ్యాసాన్ని, మా గైడ్ గారి సిఫారసు లేఖను, నేను ఎంచుకున్న కోర్సును మార్చివేయడం గురించి, నేను చెల్లించిన రూ. 63,000 తిరిగి ఇవ్వవలసిందిగా, దరఖాస్తు పత్రాలన్నీ నాకు అప్పగించవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

నేను అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే రైతు కుటుంబానికి చెందిన విద్యార్థినిని. జేఎన్‌టీయూ అనంతపురానికి అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో 2025లో కంప్యూటర్ సైన్స్ బీటెక్ పూర్తి చేశాను. అదే ఏడాది జూన్ 16న మీ కార్యాలయంలో రూ. 45,000 చెల్లించి పేరు నమోదు చేయించుకున్నాను. ఆ డబ్బు మా నాయన బోరు మోటారు మార్చడానికి దాచుకున్నది. ‘చదువుకునేదానికే కదా పాపా, మోటారు ఇంకో కారు పంటకు నడుస్తుందిలే’ అని ఆయనే లెక్కపెట్టి నా చేతికిచ్చారు. ఈ సంగతి మీ జాలి కోసం రాయడం లేదు. ఆ డబ్బుకు బదులుగా నాకు అందవలసిన సేవ ఏమిటో, అందింది ఏమిటో మీకు తెలియాలని రాస్తున్నాను.

నేను ఏం చదవాలనుకుంటున్నానో మొదటి రోజే మీ కౌన్సెలర్ గారికి వివరంగా చెప్పాను. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న అల్బర్టా విశ్వవిద్యాలయంలో మనం కంప్యూటర్ సైన్స్ అనే శాఖను కంప్యూటింగ్ సైన్స్ అంటారు. ఇద్దరు ఆటగాళ్లూ తప్పు చేయకుండా ఆడితే, గళ్ల పలక మీద ఆడే చెకర్స్ ఆట డ్రాగానే ముగుస్తుందని జోనథన్ షేఫర్ బృందం 2007లో కంప్యూటర్ లెక్కలతో తేల్చింది అక్కడే. ఫలితాన్ని చూసి తన తప్పొప్పులు తానే దిద్దుకుంటూ యంత్రం నేర్చుకునే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ పద్ధతికి పునాదులు వేసి, ఆండ్రూ బార్టోతో కలిసి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 2024కు అందుకున్న రిచర్డ్ సటన్ ఆచార్యులుగా ఉన్నదీ అక్కడే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన జిల్లాలో, అడుగంటిపోతున్న బోరు నుంచి ఏ రోజు ఏ మడికి ఎంత నీరు వదలాలో ఆ పద్ధతితో యంత్రానికి నేర్పవచ్చా అన్నది నా ప్రశ్న. అందుకే థీసిస్ ఆధారిత మాస్టర్స్‌కు మాత్రమే దరఖాస్తు చేయాలని కోరాను. మీ నమోదు పత్రంలో ‘థీసిస్’ అన్న మాట నా చేతిరాతతోనే ఉంది. దాని నకలు జతపరుస్తున్నాను.

ఈ తేడా చిన్నది కాదని విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత మీ సంస్థది. కెనడాలో పరిశోధన చేసి థీసిస్ రాసే మాస్టర్స్ విద్యార్థులకు టీచింగ్ అసిస్టెంట్‌గానో, రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పని ఇచ్చి భృతి కల్పించడం సాధారణంగా జరుగుతుంది. తరగతులతోనే ముగిసే కోర్సు ఆధారిత మాస్టర్స్‌లో సాధారణంగా ఖర్చంతా విద్యార్థే భరించాలి. మా ఇంటికి మొదటి దారి తప్ప రెండోది లేదు. అయినా మీరు పంపిన దరఖాస్తులో కోర్సు ఆధారిత మాస్టర్స్ అని ఉంది. దీనికి నా అంగీకారం అడగలేదు, మార్చిన తర్వాత చెప్పనూ లేదు.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలియడానికి కారణం మీరు పెట్టిన ఒక పద్ధతి. దరఖాస్తు కోసం మీ సిబ్బంది నా పేరుతో కొత్త ఈమెయిల్ ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకున్నారు. ‘మీరు పొరపాటున ఏదైనా నొక్కితే ఫైలు పాడవుతుంది’ అన్నారు. నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివిన నాకు ఈ మాట చెప్పారు, నేనూ నమ్మాను. విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ప్రతి ఉత్తరం మీ దగ్గరికే వచ్చింది. నా పేరున ఏం వెళ్తోందో, నాకు ఏం వస్తోందో నేను చూడలేకపోయాను. డిసెంబరులో రెండుసార్లు వచ్చి అడిగితే, మూడు సిఫారసు లేఖలూ చేరాయని, ఫైలు పూర్తయిందని మీ కౌన్సెలర్ గారు చెప్పారు.

ఫిబ్రవరి 19న ప్రవేశం రాలేదని ఫోనులో చెప్పారు. నాకు బాధ కలిగింది కానీ అప్పటికి మీ మీద ఏ అనుమానమూ కలగలేదు. వందలమంది పోటీపడే చోట సీటు రాకపోవడం ఎవరి తప్పూ కాదు. ఆ మాట చెప్పి రావడానికి ఫిబ్రవరి 24న మా గైడ్ గారిని కలిశాను. ఆయన బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టారు. అందులో మా కళాశాల లెటర్‌హెడ్ మీద ఆయన రాసి, సంతకం చేసి, నవంబరు తేదీ వేసిన రెండు పేజీల లేఖ ఉంది. ‘లింకు రాలేదేమ్మా. నెలంతా చూశాను. నీవు మనసు మార్చుకున్నావేమో అనుకున్నాను’ అన్నారు.

అయ్యా, ఈ ఒక్క విషయం మీద మీ దృష్టి నిలపమని కోరుతున్నాను. సిఫారసు చేసే అధ్యాపకుల ఈమెయిల్ చిరునామాను దరఖాస్తులో నింపితే, విశ్వవిద్యాలయం నేరుగా వారికే లింకు పంపుతుంది, వారే లేఖను పెడతారు. విద్యార్థి చేతిమీదుగా లేఖ వెళ్లకూడదన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. మా గైడ్ గారికి లింకు రాలేదు కానీ ఆయన పేరున లేఖ చేరింది. అంటే ఆయన చిరునామా స్థానంలో మరో చిరునామా ఇచ్చి, ఆ లింకు తెరిచి, ఆయన రాయని లేఖను ఎవరో పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్న మనిషి పేరును ఆయనకు తెలియకుండా వాడారు. అది ఆయనకు ఎలా చెప్పాలో నాకు ఆ పూట తెలియలేదు. మరుసటి రోజు వెళ్లి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 26న మీ కార్యాలయానికి వచ్చి, నా దరఖాస్తు చూపించేదాకా కదలనని కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక మీ సిబ్బందిలో ఒకరు ఖాతా తెరిచి నా పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి ఇచ్చారు. గడియార స్తంభం దగ్గర ఒక నెట్ సెంటరులో దాన్ని ప్రింటు తీయించి అక్కడే నిలబడి చదివాను. నా పేరు, నా పాస్‌పోర్టు నంబరు, నా మార్కులు సరిగ్గానే ఉన్నాయి. లక్ష్యాలను వివరించే వ్యాసం, అంటే మనం ఎస్ఓపీ అనేది, నాది కాదు. అందులో మా నాయన బ్యాంకు ఉద్యోగి. ‘చిన్ననాటి నుంచి కంప్యూటర్లంటే నాకు అంతులేని మక్కువ’ అని మొదలై, నగరంలో ట్రాఫిక్ సిగ్నళ్ల మీద నేను ప్రాజెక్టు చేసినట్లు సాగింది. మూడో పేరాలో నేను చేరాలని కలలు కంటున్న విశ్వవిద్యాలయం పేరు వచ్చింది. అది వేరే విశ్వవిద్యాలయం పేరు. ఒకరికి రాసిన దాన్ని మరొకరికి పెట్టేటప్పుడు ఆ పేరు మార్చడం కూడా మరిచిపోయారు.

నేను చేసిన ప్రాజెక్టు వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులును ఆకు ఫొటో చూసి గుర్తించే ప్రోగ్రామ్. తెగులులో ముందుగా వచ్చే మచ్చకు ఆకు పైభాగాన చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగున నల్లగా కనబడుతుంది. ఈ రెండింటినీ యంత్రం కలగాపులగం చేయకుండా ఉండాలంటే ఒకే ఆకును రెండు వైపులా ఫొటో తీయాలని మా చేలో కదిరి-6 రకం వేరుశనగ మొక్కల మధ్య కూర్చున్నప్పుడు నాకు తోచింది. ఆకును తిప్పి పట్టుకున్నది మా అమ్మ. ఆ సంగతి, ఆ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో, అక్కడి నుంచి నీటి ప్రశ్నకు ఎలా వచ్చానో రెండు పేజీల్లో రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ ఫైలును అక్టోబరు 27న మీకు ఈమెయిల్ చేశాను, ‘బాగుంది, కొద్దిగా సరిచేస్తాం’ అని మీరు ఇచ్చిన జవాబు నా దగ్గర ఉంది. భాష దిద్దడానికి, నిడివి తగ్గించడానికి నాకు అభ్యంతరం లేదు, ఆ సహాయానికే మీ దగ్గరికి వచ్చాను. మీరు చేసింది దిద్దుబాటు కాదు. నా మాట ఒక్కటి కూడా అందులో లేదు.

నా అసలు వ్యాసం, మా గైడ్ గారి అసలు లేఖ వెళ్లి ఉంటే సీటు వచ్చేదని నేను అనడం లేదు. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆ శాఖ వారు నన్ను చూసి కాదన్నారా అంటే, వారు నన్ను చూడనే లేదు. ఎన్నడూ లేని ఒక అమ్మాయి దరఖాస్తును చూసి కాదన్నారు. ఆ దరఖాస్తు మీద మాత్రం నా పేరు ఉంది, రేపు నేను మళ్లీ దరఖాస్తు చేస్తే ఆ పాత ఫైలు బయటికి రావచ్చు.

ఒకవేళ సీటు వచ్చి ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. కెనడా వలస చట్టం ప్రకారం తప్పుడు వివరాలు ఇచ్చినట్లు తేలితే ఐదేళ్ల పాటు ఆ దేశంలోకి అనుమతించరు. ఏజెంట్లు ఇచ్చిన నకిలీ ప్రవేశ లేఖలతో వెళ్లిన భారతీయ విద్యార్థులు 2023లో దేశం విడిచిపోవలసిన పరిస్థితిలో పడినప్పుడు ఎన్ని ఇళ్లు తల్లడిల్లాయో అందరం చూశాం. ఆ తర్వాత 2023 డిసెంబరు 1 నుంచి ప్రతి ప్రవేశ లేఖనూ అక్కడి వలస శాఖ నేరుగా విద్యాసంస్థతో సరిచూసుకుంటోంది. అంత జాగ్రత్తగా చూసే చోటికి కల్పించిన లేఖతో వెళ్లి, ప్రశ్నలు ఎదురైనప్పుడు జవాబు చెప్పుకోవలసింది నేనే. మీ కార్యాలయం ఇక్కడే ఉంటుంది.

మరొక విషయం. 2026 జనవరి 8న, కెనడాలో చదువుకునే అనుమతికి అడిగే పీఏఎల్ అనే ప్రాంతీయ ధ్రువీకరణ లేఖ ఖర్చుల కింద నా దగ్గర రూ. 18,000 తీసుకున్నారు. రసీదులో ఆ మాటే రాశారు. అక్కడి ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేరేవారికి 2026 జనవరి 1 నుంచి ఆ లేఖ అవసరమే లేదు. మినహాయింపు అమల్లోకి వచ్చిన వారం తర్వాత, ఇంకా సీటు కూడా రాని విద్యార్థిని దగ్గర ఆ పేరుతో డబ్బు తీసుకోవడాన్ని పొరపాటు అనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

ఫిబ్రవరి 26న ఈ విషయాలన్నీ అడిగినప్పుడు మీ కౌన్సెలర్ గారు ‘అందరికీ ఇలాగే చేస్తాం, ఇంతవరకు ఎవరూ అడగలేదు’ అన్నారు. అడగకపోవడానికి కారణం, ఎవరి ఖాతా పాస్‌వర్డూ వారి చేతిలో లేకపోవడమే అని నేను అనుకుంటున్నాను. ఆ రోజు మీ కుర్చీల్లో నా పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు గుంతకల్లు నుంచి, ఒకరు ధర్మవరం నుంచి వచ్చారు. వారి ఫైళ్లలో ఏముందో వారికి చూపించారా?

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా కింది విధంగా చేయవలసిందిగా కోరుతున్నాను. నా పేరుతో తెరిచిన ఈమెయిల్ ఖాతానూ, విశ్వవిద్యాలయ దరఖాస్తు ఖాతానూ వాటి పాస్‌వర్డులతో సహా, అందులోని ఒక్క ఉత్తరం కూడా తీసివేయకుండా నాకు అప్పగించాలి. మా గైడ్ గారి పేరున, మిగతా ఇద్దరు అధ్యాపకుల పేరున ఏ చిరునామాలు ఇచ్చారో, ఏ లేఖలు పెట్టారో నకళ్లతో సహా రాతపూర్వకంగా తెలపాలి, ఆ ముగ్గురికీ విడివిడిగా క్షమాపణ లేఖలు పంపాలి. వ్యాసం, సిఫారసు లేఖలు, కోర్సు ఎంపిక నాకు తెలియకుండా మీ సంస్థ మార్చిందని సంతకం, ముద్రతో ఒక పత్రం ఇవ్వాలి. జరిగింది నేనే విశ్వవిద్యాలయానికి రాయబోతున్నాను, ఆ ఉత్తరానికి దాన్ని జతచేయాలి. నేను చెల్లించిన రూ. 45,000, రూ. 18,000, మొత్తం రూ. 63,000 నా బ్యాంకు ఖాతాకు తిరిగి జమ చేయాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు బెంగళూరు వెళ్లి రావడానికి, పరీక్ష రుసుముకు అయిన ఖర్చు అడగడం లేదు. ఆ పరీక్ష నేనే రాశాను, ఆ స్కోరు నాదే.

గడువులోగా ఇవి జరగకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయడానికి ఆ చట్టం వీలు కల్పించింది, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. అధ్యాపకుల పేరుతో లేఖలు సృష్టించిన విషయంలో పోలీసులకు ఫిర్యాదు చేయాలా అన్నది మా గైడ్ గారు నిర్ణయించుకుంటారు. ఆయన ఏ నిర్ణయం తీసుకున్నా నేను సాక్ష్యం చెబుతాను.

మార్చి మొదటి వారంలో మీ కార్యాలయం నుంచి మా నాయనకు మూడుసార్లు ఫోను వచ్చింది. వచ్చే ఏడాది ఉచితంగా దరఖాస్తు చేయిస్తామని, ఈ విషయం ఇంతటితో వదిలేయమని చెప్పారట. ఇకమీదట ఆయనకు ఫోను చేయవద్దు. వచ్చే ఏడాది నా దరఖాస్తు నేనే నింపుకుంటాను. మీరు చెప్పదలచుకున్నది ఏదైనా రాతపూర్వకంగా, నా చిరునామాకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపగలరు.

ఇట్లు,
(సంతకం)
మీ దగ్గర 16 జూన్ 2025న నమోదైన విద్యార్థిని

జతపరచినవి: రెండు రసీదుల నకళ్లు, నమోదు పత్రం నకలు, అక్టోబరు 27న పంపిన నా వ్యాసం, దానికి మీ జవాబు, మీరు సమర్పించిన దరఖాస్తు ప్రింటు, తనకు లింకు రాలేదని మా గైడ్ గారు సంతకం చేసి ఇచ్చిన పత్రం.