సారాయెవో కంటే ముందు అగాదిర్

సంపాదకులకు,

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలేమిటన్న ప్రశ్నకు విద్యా పేజీల్లో, పోటీ పరీక్షల గైడ్లలో ఏటా వచ్చే జవాబు ఒకటే. ఉగ్ర జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం అని నాలుగు ప్రధాన కారణాలు. 1914 జూన్ 28న బోస్నియా రాజధాని సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య తక్షణ కారణం. ఇంత రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ నాలుగింటికీ మధ్య లంకె ఏమిటో, ఆఫ్రికాలో రాజుకున్న తగాదా ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దాకా ఎలా పాకిందో విద్యార్థికి తెలియదు. చరిత్ర పాఠం చెప్పే మేము ఈ ఉత్తరం రాస్తున్నది ఆ లంకె గురించే.

1911 జూలై 1న జర్మనీ ‘పాంథర్’ అనే చిన్న యుద్ధనౌకను మొరాకోలోని అగాదిర్ రేవుకు పంపింది. ఫ్రాన్స్ మొరాకోను మింగేస్తోంది, మా వాటా సంగతేమిటని అడగడానికే ఆ నౌక వచ్చింది. ఫ్రాన్స్ ధీమాకు ఒక కారణముంది. 1898లో నైలు ఒడ్డున ఫషోడా దగ్గర బ్రిటన్, ఫ్రాన్స్ దాదాపు యుద్ధం దాకా వెళ్లాయి. ఆరేళ్లు తిరక్కుండానే, 1904 ఏప్రిల్ 8న, ఈజిప్టులో బ్రిటన్‌కు ఫ్రాన్స్ అడ్డు రాదనీ మొరాకోలో ఫ్రాన్స్‌కు బ్రిటన్ అడ్డు రాదనీ ఒప్పందం రాసుకున్నాయి. ఇద్దరిదీ కాని సొత్తును ఇద్దరూ పంచుకున్నారు. ఆ పంపకంలో తనను పిలవలేదని జర్మనీ 1905లో ఒకసారి, 1911లో మరోసారి గొడవకు దిగింది. ఆ స్నేహాన్ని విడగొట్టాలన్నది దాని ఆలోచన. జరిగింది అందుకు విరుద్ధం. 1911 జూలైలోనే బ్రిటిష్, ఫ్రెంచి సైనికాధికారులు కూర్చుని, యుద్ధం వస్తే బ్రిటన్ ఆరు డివిజన్ల సైన్యాన్ని ఫ్రాన్స్‌కు ఎలా చేర్చాలో లెక్కలు వేసుకున్నారు.

ఆ ఏడాది నవంబరు 4న రాజీ కుదిరింది. మొరాకో ఫ్రాన్స్‌కు, ఫ్రెంచి కాంగోలో కొంత భాగం జర్మనీకి. పాఠ్యపుస్తకం కథను ఇక్కడ ఆపేస్తుంది. అసలు కథ మొదలైందే ఇక్కడ. ఫ్రాన్స్ మొరాకో తీసుకుంటే లిబియా తనదని ఇటలీ 1902 నాటికే ఫ్రాన్స్‌తో రహస్యంగా మాట్లాడుకుని ఉంది. మొరాకో ఫ్రాన్స్ చేతికి పోవడం ఖాయమని తేలగానే, రాజీ పత్రం ఇంకా సిద్ధం కాకముందే, సెప్టెంబరు 29న ఒట్టోమన్ తుర్కీ మీద యుద్ధం ప్రకటించి లిబియాలో దిగింది. విమానం నుంచి బాంబు వేయడం ప్రపంచంలో మొదలైంది ఆ యుద్ధంలోనే.

తుర్కీ బలహీనత బయటపడింది. 1912 ఏప్రిల్‌లో ఇటలీ నౌకలు డార్డనెల్స్ మీద దాడి చేస్తే తుర్కీ జలసంధిని కొన్ని వారాలు మూసేసింది. నల్ల సముద్రం రేవుల నుంచి రష్యా గోధుమలు బయటికి పోయే దారి అదొక్కటే. ఆ దారి మరొకరి చేతిలో ఉంటే తమ గతేమిటన్న భయం రష్యాను మళ్లీ పట్టుకుంది. మరోవైపు రష్యా ప్రోత్సాహంతో 1912 మార్చిలో సెర్బియా, బల్గేరియా జట్టు కట్టాయి. గ్రీస్, మాంటెనెగ్రో వాటితో కలిశాయి. అక్టోబరులో నాలుగూ కలిసి తుర్కీ మీద పడ్డాయి. 1913 ఆగస్టు నాటికి రెండు బాల్కన్ యుద్ధాలు ముగిసేసరికి సెర్బియా విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది.

ఇక ఆస్ట్రియా-హంగరీ కంగారు చూడండి. 1878 నుంచి తన ఆక్రమణలో ఉన్న బోస్నియాను 1908 అక్టోబరులో అది పూర్తిగా కలిపేసుకుంది. అక్కడున్న సెర్బులకు పక్కనే పెరుగుతున్న సెర్బియా ఆశ చూపిస్తోంది. అగాదిర్‌కు నౌక వెళ్లిన రోజు నుంచి సారాయెవో కాల్పుల దాకా మూడేళ్లు కూడా నిండలేదు. ప్రిన్సిప్ అనే బోస్నియా సెర్బు కుర్రవాడి తుపాకీ పేలేనాటికి దేశాలన్నీ ఒకరినొకరు కాచుకుని ఉన్నాయి.

మా దృష్టిలో ఇక్కడ విద్యార్థికి చెప్పాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. 1905, 1909, 1911, 1913 సంక్షోభాలన్నీ మహాయుద్ధం లేకుండానే సద్దుమణిగాయి. సద్దుమణిగిన ప్రతిసారీ ఒకరు తలవంచారు, తలవంచినవారు ఈసారి ఊరుకోం అనుకుని ఇంటికి వెళ్లారు. జపాన్ చేతిలో ఓడి లేవలేకుండా ఉన్న రష్యా, బోస్నియా విషయంలో 1909 మార్చిలో జర్మనీ గద్దింపుకు వెనక్కి తగ్గింది. 1913 అక్టోబరులో అల్బేనియా నుంచి ఎనిమిది రోజుల్లో సైన్యాన్ని తీసెయ్యమని ఆస్ట్రియా తుది హెచ్చరిక ఇస్తే సెర్బియా తీసేసింది. గట్టిగా బెదిరిస్తే పని జరుగుతుందని ఆస్ట్రియా నేర్చుకుంది. ఇంకోసారి తగ్గితే బాల్కన్‌లో తన మాట ఎవరూ వినరని రష్యా నేర్చుకుంది. 1914 జూలైలో ఈ రెండు పాఠాలూ ఎదురెదురు పడ్డాయి.

జూలైలో జరిగింది తేదీల వారీగా చెప్పకపోతే అర్థం కాదు. జూలై 5న జర్మనీ చక్రవర్తి ఆస్ట్రియాకు పూర్తి మద్దతు మాట ఇచ్చాడు. అయినా హత్యకు సెర్బియానే బాధ్యురాలిని చేస్తూ ఆస్ట్రియా పంపిన హెచ్చరిక పత్రం సెర్బియాకు చేరింది 23 సాయంత్రం. ఆలస్యానికి కారణాలు చాలా మామూలువి: సైనికులు చాలామంది కోతల సెలవు మీద పొలాల్లో ఉన్నారు, రష్యాకు మిత్రదేశమైన ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయాంకరే 23 దాకా రష్యా రాజధానిలోనే ఉన్నాడు, అతను ఓడ ఎక్కేదాకా ఆగారు. గడువు 48 గంటలు. 28న సెర్బియా మీద ఆస్ట్రియా యుద్ధ ప్రకటన.

ఆ తర్వాత పగ్గాలు రైల్వే టైంటేబుళ్ల చేతికి వెళ్లాయి. జర్మన్ సైన్యంలో ఒక్క కోర్‌ను, అంటే సుమారు 40,000 మందిని గుర్రాలు, ఫిరంగులతో సహా సరిహద్దుకు చేర్చడానికి 6,010 పెట్టెలు, 140 రైళ్లు కావాలి. వాళ్ల సామగ్రికి ఇంకో 140. ఆగస్టు 2 నుంచి 18 దాకా కొలోన్ వంతెన మీద దాదాపు పది నిమిషాలకొకటి చొప్పున 2,150 రైళ్లు పడమటికి దాటాయి. ఇంత పనిని ముందే, నిమిషాల లెక్కన రాసిపెట్టుకుంటే తప్ప నడపలేరు, రాసిపెట్టుకున్నాక మార్చలేరు. జర్మనీ రాసిపెట్టుకున్నదల్లా ఒక్కటే: రష్యా నెమ్మదిగా కూడేలోపు, ఆరు వారాల్లో, బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌ను ఓడించడం. తగాదా బాల్కన్‌లో వచ్చినా మొదటి దెబ్బ బెల్జియం మీద పడేలా ఉంది ఆ పథకం. ఆగస్టు 1 సాయంత్రం ఫ్రాన్స్ తటస్థంగా ఉండొచ్చన్న వార్త విని చక్రవర్తి, సైన్యాన్ని తూర్పుకు తిప్పమన్నాడు. కుదరదని సేనాధిపతి మోల్కె చెప్పేశాడు.

రష్యాలోనూ అదే చిక్కు. ఒక్క ఆస్ట్రియా మీదకే సైన్యాన్ని కూర్చాలని జార్ నికొలస్ జూలై 29న అనుకున్నాడు. అలాంటి పాక్షిక సమీకరణకు సరైన పథకం లేదు, చేస్తే తర్వాత జర్మనీ మీదకు కూర్చడం చెడిపోతుందని సేనానులు పట్టుబట్టారు. 30 మధ్యాహ్నం జార్ పూర్తి సమీకరణకు ఒప్పుకున్నాడు. ఆస్ట్రియా సేనాధిపతి కాన్రాడ్ అయితే తన రెండో సైన్యాన్ని ముందు సెర్బియా వైపు పంపి, రష్యా దిగుతోందని తెలిశాక రష్యా సరిహద్దున ఉన్న గలీషియాకు మళ్లించమన్నాడు. రైల్వే అధికారులు, బయలుదేరినవాటిని వెనక్కి తిప్పితే దారులన్నీ ఇరుక్కుపోతాయన్నారు. ఆ సైన్యం సెర్బియా సరిహద్దులో దిగి, మళ్లీ రైలెక్కి, రష్యా సరిహద్దుకు ఆలస్యంగా చేరింది. రెండు చోట్లా అక్కరకు రాలేదు. హత్య జరిగిన 37వ రోజు, ఆగస్టు 4న, బ్రిటన్ కూడా యుద్ధంలో ఉంది.

నౌకాదళాల పోటీ గురించి మన పాఠాలు ‘ఓడలు కట్టుకున్నారు’ అని ఒక ముక్క రాసి వదిలేస్తాయి. పన్నెండు అంగుళాల ఫిరంగులు పది ఉన్న ‘డ్రెడ్‌నాట్’ను 1906లో బ్రిటన్ నీళ్లలోకి దించాక పాత యుద్ధనౌకలన్నీ వెలవెలబోయాయి, జర్మనీతో పోటీ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. 1912లో జర్మనీ దళం మరింత పెరగడంతో బ్రిటన్ మధ్యధరా సముద్రం నుంచి నౌకలను ఉత్తర సముద్రానికి తెచ్చుకుంది, ఫ్రాన్స్ తన నౌకలను మధ్యధరాకు పంపింది. దాంతో ఫ్రాన్స్ ఉత్తర తీరం ఖాళీ. ఆగస్టు 2న ఆ తీరాన్ని మేం కాపాడతామని బ్రిటన్ మాట ఇవ్వాల్సి రావడానికి మూలం ఈ సర్దుబాటే.

ఇదే పోటీ మన దేశాన్ని కూడా లాగింది. వేగం కోసం బ్రిటన్ కొత్త నౌకలకు బొగ్గు బదులు చమురు వాడాలనుకుంది. చమురు పర్షియాలో (ఇప్పటి ఇరాన్‌లో) ఉంది. ఆంగ్లో-పర్షియన్ కంపెనీలో ప్రభుత్వం 22 లక్షల పౌండ్లతో 51 శాతం వాటా కొనడానికి పార్లమెంటు ఒప్పుకున్నది 1914 జూన్ 17న, సారాయెవోకు పదకొండు రోజుల ముందు. ఆ బావుల రక్షణకని భారత సైన్యం, తుర్కీ ఇంకా యుద్ధంలోకి రాకముందే, అక్టోబరులో బొంబాయిలో ఓడెక్కింది. నవంబరులో తుర్కీ పాలనలోని బస్రా (ఇప్పటి ఇరాక్‌లోది) పట్టుకుంది. అక్కడితో ఆగకుండా బాగ్దాద్ వైపు తోశారు. కూట్ దగ్గర ముట్టడిలో చిక్కి 1916 ఏప్రిల్ 29న సుమారు 13,000 మంది లొంగిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. వేలమంది బందీలుగానే చనిపోయారు. యుద్ధంలోకి దిగుతున్నామని 1914లో భారతీయులను ఎవరూ అడగలేదు. పైగా 1917లో భారత ఖజానా నుంచి 10 కోట్ల పౌండ్లు ‘కానుక’గా తీసుకున్నారు.

కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని మద్రాసు. 1914 సెప్టెంబరు 22 రాత్రి అక్కడి చమురు ట్యాంకులను గుండ్లతో తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక ‘ఎండెన్’ చైనాలోని చింగ్‌డావ్ నుంచి నడిచిన ఓడ. 1897లో జర్మనీ చైనా నుంచి లాక్కున్న రేవది. ఈ ఒక్క ముక్క చెబితే ‘సామ్రాజ్యవాదం’ అన్న మాట పిల్లలకు ఎక్కడో యూరప్ సంగతిగా అనిపించదు.

మీ విద్యా పేజీకి మా వినతి చిన్నదే. ఈసారి ఈ పాఠం ఇచ్చేటప్పుడు నాలుగు కారణాల పట్టిక బదులు ఒక మ్యాపు వేయండి. అందులో అగాదిర్, లిబియాలోని ట్రిపోలి, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్, సారాయెవోలను తేదీలతో, బాణం గుర్తులతో కలపండి. పక్కన జూలై 23 నుంచి ఆగస్టు 4 దాకా రోజువారీ పట్టిక ఉంచండి. ప్రతి రోజుకూ ఎవరు, ఏ ఉత్తర్వు, ఎంత గడువు అని మూడు గడులు చాలు. నమూనా ప్రశ్న కూడా మార్చండి: ‘కారణాలు రాయండి’ అనకుండా, ‘1913లో ఆగిన యుద్ధం 1914లో ఎందుకు ఆగలేదు?’ అని అడగండి.

ఇట్లు,
కొందరు చరిత్ర అధ్యాపకులు,
రాజమహేంద్రవరం