పల్నాటి యుద్ధం రెండు కోళ్ల తగవు కాదు

సంపాదకులకు నమస్కారం.

పల్నాటి యుద్ధ వీరుల పేరిట జరిగే కారంపూడి వీరారాధన ఉత్సవాల సందర్భంగా మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని పెద్దలెవరైనా ఖండిస్తారని ఇన్ని రోజులు ఎదురుచూశాను. ఎవరూ ముందుకు రాలేదు కనుక రాయక తప్పలేదు. రెండు కోళ్ల వల్ల, ఒక స్త్రీ పంతం వల్ల పల్నాడు నాశనమైందని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేయడం ఈ సీమలో పుట్టి పెరిగిన మాకు చాలా కష్టం కలిగించింది.

ఆ యుద్ధం గద్దె కోసం ఒకే తండ్రి బిడ్డల మధ్య పుట్టిన దాయాదుల పోరు. హైహయ వంశపు అనుగురాజుకు మైలమదేవి వల్ల నలగామరాజు, వీరవిద్యాదేవి వల్ల మలిదేవాదులు కలిగారు. మైలమదేవి వెలనాటి గొంకరాజు కూతురు. పల్నాడు ఆమెకు పుట్టింటివారు అరణంగా ఇచ్చిన సీమ. అలాంటప్పుడు సవతి కొడుకులకు అందులో భాగం ఉందా లేదా అన్న తగవు కోళ్లు బరిలోకి దిగకముందే ఉంది. అందుకే గురజాల నలగాముడికి, మాచర్ల మలిదేవుడికి అని రాజ్యం రెండు ముక్కలైంది. వీరగాథ చెప్పే ప్రకారం, కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం ఇచ్చిన మాటకు కట్టుబడి ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అలరాజును రాయబారం పంపితే, నలగాముడికి స్వయానా అల్లుడని కూడా చూడకుండా ఆయనకు విషం పెట్టి చంపారు. 1182 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున కత్తులు దూసింది అందుకు.

వ్యాసకర్త ఉత్సవాలను ఒక్కసారి కళ్లారా చూసి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజుల ఉత్సవంలో కోడికి దక్కింది ఒక్క రోజే. వీరగాథను పాడే వీరవిద్యావంతులు రాత్రంతా మేల్కొని పాడే కథలో, పందెంలో దిగిన బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు కంటే అలరాజు చావు దగ్గరే జనం కంటతడి పెడతారు.

నలగాముడి మంత్రి నాయకురాలు నాగమ్మను దుయ్యబట్టడం మరీ అన్యాయం. స్త్రీ మంత్రి పదవికి వచ్చి రాజ్యం నడపడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఆమె ఎత్తులు వేసింది నిజమే కావచ్చు, మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడూ వేశాడు. కానీ ఇచ్చిన మాట తప్పి, తమ్ముళ్ల భాగం ఎగ్గొట్టిన రాజు నలగాముణ్ణి వ్యాసంలో పల్లెత్తు మాట అనకుండా, తప్పంతా నాయకురాలి నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

ఇక బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని, దళితుడైన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడని వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. దానికి బదులు వీరులకు కులాల పేర్లు తగిలించి, ఎవరు ఎవరివారో పంచిపెట్టారు. ఉత్సవాలకు కట్టే ఫ్లెక్సీల్లో ఈ జాడ్యం ఎలాగూ ఉంది; పత్రికలు కూడా దానికి ఊతమిస్తే పిల్లలకు ఎవరు సరిగా చెబుతారు?

అధికారుల సంగతి చెప్పకపోవడమే మేలు గానీ, చెప్పక తీరదు. ఒక కార్యాలయం వారు పంచిన కరపత్రంలో నలగామ, మలిదేవులను తండ్రీకొడుకులని అచ్చు వేశారు. పట్టుకెళ్లి చూపిస్తే, వచ్చే ఏడాది చూద్దామన్నారు. వీరులను కొలిచే ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలను భుజాన మోసుకుంటూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వారు స్నానాలు చేసే చోట తిని పారేసిన ప్లాస్టిక్ పళ్లేలు తేలుతుంటే, ఆ పక్కనే వేదిక మీద గొప్పవాళ్లు పల్నాటి పౌరుషం గురించి ప్రసంగాలు చేసి కార్లెక్కి వెళ్లిపోతారు. కొత్త జిల్లాకు 2022లో పల్నాడు అని పేరు పెట్టినప్పుడు ఈ చరిత్రకు ఇకనైనా ఆదరణ దొరుకుతుందని ఎంతో సంతోషించాం. పేరు మారింది, పట్టించుకునేవారు మాత్రం ఇంకా రాలేదు.

ఆ వ్యాసానికి సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ సవరణ ఏ మూలనో రెండు వరుసల్లో కాకుండా, వ్యాసం వచ్చిన పేజీలోనే, అనుగురాజు కొడుకుల భాగాల తగవు దగ్గర మొదలుపెట్టి వేయండి. వీరవిద్యావంతుల్లో పెద్దలు ఇంకా ఉన్నారు. అచ్చు వేసే ముందు వారి చేత ఒకసారి చూపించుకోండి.

ఇట్లు
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గురజాల