పిల్లల పత్రాలు, ఇంట్లోని పాత ఫొటోలు: స్కాన్ చేసే ముందు ఒక్క మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పదో తరగతి నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా), ఎనిమిదో తరగతి పిల్లల నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని మొదలవుతోంది. ఆ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. అంత విలువైన దరఖాస్తు మసక కాగితం వల్ల ఆగిపోకూడదని నా తాపత్రయం.

మీరు వాట్సాప్‌లో పంపుతున్న పత్రాల ఫొటోల్లో చేతి నీడ పడుతోంది, కాగితం ఓ పక్కకి వాలుతోంది. పైగా ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. పుట్టిన తేదీలో 3, 8 ఒకేలా కనిపిస్తున్నాయి. పదో తరగతి మెమోలో పడిన తేదీ పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ వెంట వస్తుంది కాబట్టి ఊహించి రాయడం మాకు కుదరదు.

ఇంట్లోనో, నెట్ సెంటర్‌లోనో ఆల్-ఇన్-వన్ ప్రింటర్ ఉంటే అసలు పత్రాన్నే స్కాన్ చేయించండి, జిరాక్స్‌ని కాదు. మూత ఎత్తితే అద్దం మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. కాగితం మూల అక్కడ ఆనాలి, రాసిన వైపు అద్దం మీదకి ఉండాలి. కంప్యూటర్‌లో 300 డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే అంకె), కలర్, పీడీఎఫ్ ఎంచుకోండి. కలర్ అని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, బ్లాక్ అండ్ వైట్‌లో పెడితే తహసీల్దారు ఆఫీసు ఊదారంగు ముద్ర ఒక్కోసారి అలుక్కుపోతుంది, ఒక్కోసారి అసలే పడదు. ముద్ర కనిపించని ఆదాయ ధ్రువీకరణ పత్రం చెల్లదంటారు. ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపండి.

పైనున్న ఫీడర్‌లో (కాగితాలను ఒక్కొక్కటిగా లోపలికి లాక్కునే అరలో) కాగితాలు పెడితే పని త్వరగా అవుతుంది గానీ స్టేపుల్ పిన్నులు, మడతలు పడి చిరిగిన పాత సర్టిఫికెట్లు అందులో పెట్టొద్దు. ఫీడర్‌తో చేసిన స్కాన్ నిండా నిలువుగా సన్నటి గీత వస్తే, అద్దం పక్కనుండే సన్నటి గాజుపట్టీ మీద దుమ్ము ఉందన్నమాట. మెత్తటి బట్టతో తుడిస్తే పోతుంది. ద్రవం ఏదీ నేరుగా అద్దం మీద చల్లకండి.

నెట్ సెంటర్‌లో చేయిస్తే ఫైలు తీసుకున్నాక ఆ కంప్యూటర్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయించండి. మీ ముందే తీసేయాలని అడగడానికి మొహమాటపడొద్దు. పూర్తి ఆధార్ నంబరు అడగని చోట మొదటి 8 అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఇక ఇంకో కోరిక. మన బడిలో చదివిన తాతల, అమ్మమ్మల తరగతి ఫొటోలు మీ ఇళ్లల్లో ఉంటాయి. వాటిని సేకరించి బడి గోడ మీద పెట్టాలనుకుంటున్నాం. చిన్న ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే రెండింతలు పెద్దది చేసినా వెనక వరుసలో నిలబడ్డవాళ్ల ముఖాలు చెదరవు. వెనక వైపు పేర్లు, సంవత్సరం రాసి ఉంటే అదీ స్కాన్ చేయండి. రేపు ఆ ముఖాలను గుర్తుపట్టేది ఆ రాతతోనే. ఆల్బమ్‌కి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు, ఆల్బమ్‌తోనే అద్దం మీద పెట్టవచ్చు. మూత పూర్తిగా పడకపోతే పైన నల్లబట్ట కప్పండి.

స్కానర్ అందుబాటులో లేనివాళ్లు బడి వదిలాక ఆఫీసు గదికి రండి. మీ ముందే స్కాన్ చేసి, అసలు కాగితాలు, ఫొటోలు అప్పటికప్పుడే మీ చేతికిచ్చేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు