థర్మాకోల్ గ్రహాల మధ్య ఆ చుక్కలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో సైన్స్ ప్రదర్శనల కాలం వస్తోంది. నల్లగొండైనా పాలమూరైనా సౌరకుటుంబం నమూనా లేని ప్రదర్శన అరుదు: నల్ల చార్టు, మధ్యలో పసుపు బల్బు, తీగలకు గుచ్చిన రంగుల ఉండలు. ఇంతవరకు పేచీ లేదు. బోర్డు బోసిగా ఉందని అంగారకుడికీ గురుడికీ నడుమ మెరిసే చుక్కల స్టిక్కర్లు అంటిస్తారే, అక్కడ పాఠం తలకిందులవుతోంది. సౌరకుటుంబంలో నక్షత్రం ఒక్కటే, అది సూర్యుడు. అంగారకుడు, గురుడి నడుమ ఉండేవి గ్రహశకలాలు. ఇక ఉండల లోపల ఎల్‌ఈడీలు పెడితే గ్రహాలకూ సొంత వెలుగు ఉందనే పిల్లలు అనుకుంటారు.

తేడా చెప్పమంటే చాలామంది పిల్లలు ‘పెద్దది నక్షత్రం, మధ్యరకం గ్రహం, చిన్నది ఉపగ్రహం’ అంటారు. చార్టు నేర్పింది అదే మరి. నిజానికి నక్షత్రాన్ని తేల్చేది ద్రవ్యరాశి. అది తగినంత ఉంటే సొంత బరువుకే నడిగర్భం నలిగి, వేడెక్కి, హైడ్రోజన్ హీలియంగా మారుతుంది. సూర్యుడి గర్భంలో వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా ఖర్చవుతోంది. ఆ కొలిమి అంటుకోవాలంటే సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 8 శాతమైనా ఉండాలి. గురుడి ద్రవ్యరాశి భూమికి 318 రెట్లున్నా సూర్యుడిలో వెయ్యో వంతే. అలాంటివి 80 దాకా కలిపితే తప్ప నక్షత్రం కాదు. గురుడిని ‘నక్షత్రం కాబోయి ఆగిపోయిన గ్రహం’ అని రాసేవాళ్లు ఈ లెక్క చూసుకుంటే బాగుంటుంది.

గ్రహానికీ ఉపగ్రహానికీ తేడా సైజులో లేదు, దేని చుట్టూ తిరుగుతోందన్న దాంట్లో ఉంది. గురుడి ఉపగ్రహం గనీమీడ్ వ్యాసం 5,268 కి.మీ., బుధ గ్రహానిది 4,879 కి.మీ. మాత్రమే. శని ఉపగ్రహం టైటాన్ కూడా బుధుడి కన్నా పెద్దదే, పైగా దానికి దట్టమైన నైట్రోజన్ వాతావరణం ఉంది. బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణమే లేదు. ఉపగ్రహం గుండ్రంగా ఉండాలన్న నియమమూ లేదు. అంగారకుడి ఫోబోస్ వంకర టింకర బండరాయిలా ఉంటుంది. గ్రహానికే షరతులు ఎక్కువ. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వంతో గుండ్రబడాలి, తన కక్ష్య దారిలో మిగతావాటిని ఊడ్చేసి ఉండాలి. 2006లో ప్రాగ్ సమావేశంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పెట్టిన ఈ మూడో షరతు దగ్గరే ప్లూటో ఆగిపోయింది. మన చార్టుల్లో కొన్నిచోట్ల ఇంకా తొమ్మిదోదిగా వేలాడుతూనే ఉంది.

కంటికి కనిపించే సైజునూ నమ్మలేం. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్‌-రంగాపూర్ వేధశాల నుంచి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. చంద్రుడి కన్నా సూర్యుడు వ్యాసంలో దాదాపు 400 రెట్లు పెద్ద, మనకు దాదాపు అన్నే రెట్లు దూరం. అందుకే ఇంత చిన్న చంద్రుడు సూర్యుణ్ని సరిగ్గా కప్పేయగలిగాడు.

కొలతల ప్రకారం నమూనా చేయాలంటే బోర్డు చాలదు, ఊరు కావాలి. గోడ మీద మీటరు వ్యాసంతో సూర్యుణ్ని గీయండి. 42 మీటర్ల దూరంలో 3.5 మి.మీ. పూస బుధుడు. 107 మీటర్ల దగ్గర 9 మి.మీ. పూస భూమి. దానికి 28 సెం.మీ. ఎడంగా రెండున్నర మి.మీ. ఆవగింజ చంద్రుడు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, చంద్రుణ్ని భూమికి అంటించేస్తారు. గురుడికి 10 సెం.మీ. ఉండ, 560 మీటర్ల దూరంలో. దాని నుంచి 77 సెం.మీ. దూరంలో 3.8 మి.మీ. పూస పెడితే అది గనీమీడ్. బుధుడి పూస పక్కన పెట్టి చూస్తే ఏది పెద్దదో వాళ్లకే తెలుస్తుంది. నెప్ట్యూన్ 3.2 కి.మీ. దూరం. నల్లగొండ గడియారం సెంటర్లో సూర్యుణ్ని పెడితే పానగల్లు దారి పట్టాల్సిందే. ఇదే కొలతలో సూర్యుడి తర్వాత మనకు అన్నింటికన్నా దగ్గరి నక్షత్రానికి ఒక స్టిక్కర్ అంటించాలంటే దాదాపు 29 వేల కి.మీ. పోవాలి. అడుగులతో కొలవొద్దు, ఒక్కో పిల్లాడి అడుగు ఒక్కో తీరు. పీఈటీ సార్ దగ్గరి టేపు వాడండి.

రాత్రి పరిశీలనకు దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో ఇంకా చీకటి మిగిలింది. నక్షత్రం మనకు చుక్కలాగే కనిపిస్తుంది కాబట్టి గాలి కదలికకు మినుకుమంటుంది. గ్రహానికి చిన్న బిళ్లంత వెడల్పుండటంతో నిలకడగా వెలుగుతుంది. అయితే నేలకు దగ్గరగా ఉన్నప్పుడు గ్రహమూ వణుకుతుంది, కాస్త పైకెక్కాక చూడాలి. మన ఆకాశంలో శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు మించి దూరం పోడు. నడిరాత్రి నడినెత్తిన మెరిసేది శుక్రుడు కాదు. పది రెట్లు పెద్దగా చూపే 10×50 బైనాక్యులర్‌ను పిట్టగోడకు ఆనించి గురుణ్ని చూస్తే పక్కన నాలుగు ఉపగ్రహాల దాకా ఒకే వరుసలో కనిపిస్తాయి. మర్నాటికి వాటి చోట్లు మారతాయి. అదే చూపులో ఉన్న నక్షత్రాలు ఒకదానికొకటి జరగవు. చేత్తో పట్టుకుంటే వణుకుకు ఇవేవీ దక్కవు. పగలు పిల్లల చేతికి బైనాక్యులర్ ఇవ్వొద్దు, పొరపాటున సూర్యుడి మీదికి తిప్పితే కంటిచూపు పోతుంది.

ప్రదర్శనల న్యాయనిర్ణేతలు రంగులకూ మోటారుకూ మార్కులు వేసే ముందు ‘ఏది దేని చుట్టూ తిరుగుతోంది, వెలుగు ఎక్కడిది’ అని రెండు ప్రశ్నలు అడగాలి. మీరూ పిల్లల పేజీలో సౌరకుటుంబం బొమ్మ వేసినప్పుడు ‘పరిమాణాలు, దూరాలు కొలత ప్రకారం కావు’ అని కింద ఒక ముక్క అచ్చు వేయండి. గురుడి పక్కన గనీమీడ్‌నూ వేయిస్తే మరీ మంచిది, బుధుడి కన్నా కాస్త పెద్దగా.

– కొందరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, నల్లగొండ